కొండలోయలో రాత్రి నిద్ర: మైకు అనుమతి ఎవరి మాట మీద ఇవ్వాలి?

కార్తీకం మొదలుకొని మాఘం ముగిసే వరకు అరకు ప్రయాణాల కాలం. పొగమంచు చూడాలని, పసుపు పరచినట్లుండే వలిసె పూల చేలు చూడాలని, పిల్లలకు బొర్రా గుహలు చూపించాలని మన కుటుంబాలు బయలుదేరుతాయి. విశాఖపట్నంలో వైద్యం చేసుకొనే నా వద్దకు ఆ ప్రయాణాల తరువాత వచ్చేవారిలో కొందరు ఒకే విధమైన బాధ చెబుతారు. “చెవిలో హోరు పెడుతున్నదండీ, రెండు రాత్రులు కన్ను మూయలేదు, తల దిమ్ముగా ఉన్నది, ఇంట్లో చేసుకోదగిన చిట్కా ఏదైనా చెప్పండి” అంటారు. విశ్రాంతి కోసం వెళ్ళినవారు విశ్రాంతి పోగొట్టుకొని వస్తున్నారు. కారణం విచారిస్తే చాలా వరకు ఒకటే తేలుతుంది: గుడారాల శిబిరం, మధ్యలో నెగడు, నెగడు పక్కన డీజే పెట్టెలు, అర్ధరాత్రి దాటినా ఆగని మోత.

చిట్కాలు లేకపోలేదు, ఈ వ్యాసం చివర కొన్ని చెబుతాను. కాని ఏ వ్యాధికైనా మొదటి చికిత్స నిదాన పరివర్జనమని, అనగా రోగకారణాన్ని తొలగించటమేనని సుశ్రుతాచార్యులు బోధించారు. కారణం అలాగే ఉండగా తైలాలు, కషాయాలు ఎన్ని వాడినా ఫలితం అంతంత మాత్రమే. ఇక్కడ కారణం మన శరీరంలో లేదు, లోయ గాలిలో ఉన్నది. పైగా ప్రయాణికులు రెండు రాత్రుల తరువాత ఇల్లు చేరుకుంటారు. ఆ లోయలో ఇల్లున్నవారికి మాత్రం సీజను పొడుగునా అదే రాత్రి. వారి నిద్ర గురించి అడిగేవారు ఎవరు?

శాస్త్రం ఏమంటున్నది?

ఆయుర్వేదం శరీరాన్ని నిలబెట్టే ఉపస్తంభాలు మూడని చెబుతుంది: ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం. నిద్రకు ఆహారంతో సమానమైన స్థానమిచ్చిన శాస్త్రమిది. సుఖదుఃఖాలు, పుష్టి, కార్శ్యం, బలం, దౌర్బల్యం, చివరకు ఆయువు కూడా నిద్రపై ఆధారపడి ఉన్నాయని చరక సంహిత సూత్రస్థానం తెలుపుతున్నది. రాత్రి జాగరణ వలన శరీరంలో రూక్షత పెరిగి వాతం ప్రకోపిస్తుందని కూడా అక్కడే ఉన్నది.

ఇక శబ్దం సంగతి. చెవి ఆకాశ భూతానికి సంబంధించిన ఇంద్రియం. శబ్దం దాని విషయం. ఇంద్రియానికి, విషయానికి సరిగా పొసగని కలయికను రోగాలకు మూలకారణాలలో ఒకటిగా చరకాచార్యులు లెక్కించారు. అందులో అతియోగానికి ఉదాహరణగా ఉరుము, పటహమనే వాద్యం, పెద్ద కేకలు, ఇటువంటి వాటిని మితిమీరి వినటాన్ని చెప్పారు. విద్యుత్తు లేని కాలంలోనే మితిమీరిన శబ్దాన్ని రోగకారణంగా గుర్తించారన్న మాట.

ఆధునిక వైద్యం ఈ విషయంలో భిన్నంగా చెప్పటం లేదు. లోపలి చెవిలోని రోమకణాలు ఒకసారి నశిస్తే మానవునిలో తిరిగి పెరగవు. నిద్రలో ఉన్న మనిషి మేలుకోకపోయినా, పెద్ద శబ్దానికి గుండె వేగం, రక్తపోటు స్పందిస్తాయి. రాత్రివేళ ఇంటి వెలుపలి శబ్దం సగటున 40 డెసిబెళ్ళు మించకుండా ఉండటం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఐరోపా దేశాల కోసం వెలువరించిన మార్గదర్శకాలలో సూచించినది. అదే సంస్థ 2022లో వినోద స్థలాలకై ఇచ్చిన ప్రమాణంలో, సంగీతం వినే చోట కూడా సగటు శబ్దం 100 డెసిబెళ్ళు దాటరాదని చెప్పినది. ఆ 100 డెసిబెళ్ళయినా చెవికి ఎంతసేపు క్షేమం? 85 డెసిబెళ్ళ వద్ద 8 గంటలు క్షేమమనుకొంటే, ప్రతి 3 డెసిబెళ్ళ పెరుగుదలకు ఆ కాలం సగం తగ్గుతుందన్నది వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. ఆ లెక్కన 100 డెసిబెళ్ళ వద్ద 15 నిమిషాలే. మన పిల్లలు డీజే పెట్టెల ముందు నిలబడేది 15 నిమిషాలా?

లోయలో శబ్దం ఎందుకు అంత దూరం పోతుంది?

బయలు ప్రదేశంలో ఒకచోట నుండి వెలువడే శబ్దం, దూరం రెట్టింపయిన ప్రతిసారీ 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. పెట్టెల నుండి 10 మీటర్ల దూరంలో 100 డెసిబెళ్ళు ఉన్నాయనుకొందాం. 20 మీటర్ల వద్ద 94, 40 వద్ద 88, 80 వద్ద 82, 160 వద్ద 76, 320 వద్ద 70, 640 వద్ద 64, 1280 మీటర్ల వద్ద 58. అంటే కిలోమీటరుకు పైగా దూరంలో నిద్రిస్తున్న ఇంటి వద్ద కూడా 58. మన దేశంలో నివాస ప్రాంతానికి రాత్రి పరిమితి 45. పది డెసిబెళ్ళు పెరిగితే చెవికి మోత సుమారు రెట్టింపయినట్లు తోస్తుంది కనుక, ఇది పరిమితికి రెండింతలకు మించిన మోత.

చెట్లు, మిట్టలు అడ్డువస్తే ఇది కొంత తగ్గుతుంది, నిజమే. కాని శీతకాలపు రాత్రి లోయలో మరొక విశేషం ఉన్నది. చల్లని గాలి బరువై లోయ అడుగున చేరుతుంది, దానికన్న వెచ్చని గాలి పైన నిలుస్తుంది. తెల్లవారి మనం ముచ్చటపడి చూసే పొగమంచు నిలిచేది ఇటువంటి రాత్రులలోనే. ఈ స్థితిలో పైకి పోవలసిన శబ్దం వంగి మళ్ళీ నేల వైపే దిగుతుంది. అందుచేత పగలు వినిపించని మోత రాత్రి స్పష్టంగా వినిపిస్తుంది. అందులోను ‘ధమ్ ధమ్’ అని గుండెలకు తగిలే మంద్రస్వరాన్ని గాలి తేలికగా హరించలేదు. పెంకుటింటి కప్పు, మట్టిగోడ ఆపలేవు. ఏ మంచు కోసం మనం వెళుతున్నామో, ఆ మంచు కురిసే రాత్రే మన మోత పొరుగువారి మంచం దాకా పోతున్నది.

చట్టం ఉన్నది

శబ్దకాలుష్య నియంత్రణ నియమాలు 2000 ఫిబ్రవరి 14న వెలువడినవి. వాటి సారాంశం ప్రతి గృహస్థుడూ తెలుసుకోదగినది.

లిఖితపూర్వక అనుమతి లేకుండా లౌడ్‌స్పీకరు వాడరాదు. రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు మూసిన భవనం లోపల తప్ప బయట వాడరాదు. నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు. నిశ్శబ్ద మండలంలో పగలు 50, రాత్రి 40 పరిమితి. బహిరంగ స్థలంలో మైకు వాడినప్పుడు ఆ స్థలం సరిహద్దు వద్ద శబ్దం ఆ ప్రాంతపు పరిమితికన్న 10 డెసిబెళ్ళు, లేక మొత్తం 75, ఈ రెండింటిలో ఏది తక్కువయితే దానిని మించరాదు. ప్రైవేటు స్థలమైతే సరిహద్దు వద్ద 5 డెసిబెళ్ళ వరకే వెసులుబాటు. సాంస్కృతిక, మతపరమైన పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం రాత్రి 10 నుండి 12 వరకు సడలింపు ఇవ్వవచ్చు. అదీ ఏడాదికి 15 రోజులు మించరాదు, ఆ రోజులు ముందుగా ప్రకటించాలి.

2005 జూలై 18న సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పులో, ప్రశాంతంగా జీవించటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని, మాట్లాడే స్వేచ్ఛ పేరిట ఇతరుల చేత బలవంతంగా వినిపించే హక్కు ఎవరికీ లేదని స్పష్టమైనది. పైన చెప్పిన 15 రోజుల సడలింపు అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వం ఇతరులకు అప్పగించరాదని అదే ఏడాది అక్టోబరులో ఆ న్యాయస్థానం తెలిపినది. కనుక “ఫలానా వారిని అడిగాము, ఫర్వాలేదన్నారు” అనే నోటిమాట పది గంటల తరువాత చెల్లదు.

నగరాలు కొంత మేలుకొన్నాయి. 2024 అక్టోబరు 1న హైదరాబాదు నగర పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించారు. మరి కొండల సంగతేమిటి?

కొండెక్కేసరికి చట్టానికి ఆయాసం

ఈ నియమాలు పట్టణాన్ని మనసులో ఉంచుకొని రాసినవి. పారిశ్రామిక, వాణిజ్య, నివాస, నిశ్శబ్ద ప్రాంతాలని నాలుగు తరగతులు చేశారు. కాఫీ తోటల మధ్య ముప్పై గడపల గూడెం, దాని పక్క పొలంలో వెలసిన గుడారాల శిబిరం ఏ తరగతి? ఆసుపత్రి, పాఠశాలల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలమన్న మాట ఉన్నది గాని, 2017లో చేసిన సవరణ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం ప్రకటిస్తేనే అది నిశ్శబ్ద మండలమవుతుంది. శబ్దాన్ని నిత్యం కొలిచే జాతీయ వ్యవస్థను 2011లో ప్రారంభించి, హైదరాబాదుతో సహా 7 మహానగరాలలో 70 కేంద్రాల వరకు విస్తరించారు. ఆ వ్యవస్థ కొండలదాకా రాలేదు.

అనుమతి ఇవ్వవలసినది కలెక్టరు, పోలీసు కమిషనరు, లేదా డీఎస్పీకి తక్కువ కాని అధికారి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రం పాడేరు. మోత భరించేది మాత్రం గూడెం. అనుమతి అడిగేవారికి, ఇచ్చేవారికి మధ్య కాగితం నడుస్తుంది. వినవలసినవారిని ఎవరూ ఒక్క మాట అడగరు. అసలు అనుమతే అడగని శిబిరాల సంగతి సరేసరి.

అంతకన్న బాధాకరమైన విషయం మరొకటి. 2010లో చేసిన సవరణ వలన లౌడ్‌స్పీకరు మాత్రమే కాక, వాద్యాలు కూడా రాత్రి పది తరువాత బయట మోగరాదు. అక్షరాలా చదివితే చైత్రమాసపు ఇటుకల పండుగలో థింసా ఆటకు మోగే తుడుము, డప్పు, మోరి, జోడుకొమ్ములు కూడా ఈ నిషేధంలోకి వస్తాయి. అనుమతి లేని డీజే అర్ధరాత్రి దాకా సాగిపోతుండగా, ఆ కొండల సొంత డప్పుకు చట్టం అడ్డుపడే అవకాశం ఏర్పడినది. ఇది తలకిందులైన న్యాయం.

డప్పు వేరు, డీజే వేరు

“చరకుడు పటహాన్ని కూడా చెప్పాడు కదా, డప్పు మాత్రం చెవికి మంచిదా?” అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దగ్గరగా కొట్టిన డప్పు చెవికి చిన్న దెబ్బ కాదు. కాని రెండింటికీ ప్రధానమైన తేడాలున్నాయి. డప్పు కొట్టే చేయి అలసిపోతుంది, జనరేటరు అలసిపోదు. తుడుము మోత గూడెం సొంత మోత. బగత, వాల్మీకి, కోటియ, పోర్జ, కొండదొర మొదలైన వారు తమ పండుగకు తామే కూడి, తామే ఆడి, తామే నిర్ణయించుకొనే రాత్రి అది. ఇంట్లో పురిటి బిడ్డ ఉంటే, జబ్బు మనిషి ఉంటే ఊరికి తెలుసు. డీజే పెట్టెల వెనుక నిలబడినవానికి ఆ పక్క ఇంట్లో ఎవరున్నారో తెలియదు, తెలుసుకొనే అవసరమూ లేదు.

ఇంకొక అభ్యంతరం ఉన్నది. గుడారాలు, బొంగులో చికెన్, థింసా ప్రదర్శనలు, కాఫీ అమ్మకాలు ఇప్పుడు అక్కడి యువకులకు నాలుగు డబ్బులు తెస్తున్నాయి. మోత ఆపితే ఆ బతుకుతెరువు పోదా? దీనిని తేలికగా తోసివేయరాదు. కాని మనం అరకు వెళ్ళేది పెట్టెల మోత కోసమా? అది విశాఖలో ఏ వీధి పెళ్ళిలోనైనా దొరుకుతుంది. కొండ ఇవ్వగలిగినది చల్లదనం, నిశ్శబ్దం, వాన వాసన, జలపాతపు సవ్వడి. వాటిని చెరిపి వేసే వ్యాపారం తన కాలిని తానే నరుక్కుంటున్నది. ప్రభుత్వం 2025లో జనవరి 31 నుండి ఫిబ్రవరి 2 వరకు అరకులో చలి ఉత్సవం జరిపినది. ఇటువంటి ఉత్సవానికి తేదీ ఉంటుంది, వేదిక ఉంటుంది, బాధ్యులుంటారు. నియమం పాటించమని అడగటానికి ఒక చిరునామా ఉంటుంది. తేదీ లేని, బాధ్యులెవరో తెలియని ప్రతి రాత్రి మోతే అసలు సమస్య.

గూడెం పెళ్ళిళ్ళలో కూడా డీజేలు వచ్చాయన్నది నిజం. అది వారు కూర్చొని తేల్చుకోవలసిన విషయం. వారికి ఆ నిర్ణయాధికారం ఉండాలన్నదే నా వాదన.

గ్రామసభ మాట వినాలి

షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీరాజ్‌ను విస్తరించిన 1996 నాటి చట్టం, గిరిజనుల ఆచారాలను, సాంస్కృతిక విశిష్టతను, ఉమ్మడి వనరులను కాపాడుకొనే సామర్థ్యం ప్రతి గ్రామసభకూ ఉన్నదని చెప్పినది. ఆ చట్టం అమలుకు మన రాష్ట్రంలో 2011లో నియమాలు వచ్చినవి. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజులపై నడిచిన సమత కేసులో 1997 జూలై 11న సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు కొండ నేలకు గొప్ప రక్షణ. నేలకు దక్కిన ఆ రక్షణ, ఆ నేలపై పరుచుకొనే రాత్రికి ఎందుకు దక్కరాదు?

నేను కోరేవి కొద్ది పనులే.

మొదటిది, షెడ్యూల్డు ప్రాంతంలో ఆరుబయట మైకు అనుమతికి దరఖాస్తు వస్తే అధికారి సంతకానికి ముందు సమీప గ్రామసభ అభిప్రాయం తీసుకోవాలి. 

రెండవది, ఇచ్చిన అనుమతి పత్రంలో గంట, డెసిబెళ్ళు, బాధ్యుని పేరు తెలుగులో స్పష్టంగా రాసి శిబిరం ద్వారం వద్ద అంటించాలి. 

మూడవది, ఆశ్రమ పాఠశాలల, ఆసుపత్రుల చుట్టూ నిశ్శబ్ద మండలాలను ప్రభుత్వం పేరుపేరునా ప్రకటించాలి. పర్యాటకుల రద్దీ ముగిసే రోజులే ఆ పిల్లలకు పరీక్షలకు చదువుకొనే రోజులు. 

నాల్గవది, స్థానిక పోలీసు ఠాణాలకు శబ్దం కొలిచే యంత్రాలు ఇవ్వాలి. 

ఐదవది, షెడ్యూల్డు ప్రాంతాలలో చట్టాల అమలును మార్పులతో నిర్దేశించే అధికారం రాజ్యాంగం ఐదవ షెడ్యూలు గవర్నరుకు ఇచ్చినది. యంత్రంతో పెంచని సంప్రదాయ వాద్యాలకు, గ్రామసభ నిర్ణయించిన పండుగ రాత్రులలో మినహాయింపు లభించే మార్గాన్ని ఆ వెలుగులో పరిశీలించాలి.

గృహస్థులు చేయదగినవి

చట్టం మారేలోపల మన చేతిలో ఉన్నవి కొన్ని. బస కుదుర్చుకొనే ముందు “రాత్రి పది తరువాత మైకు ఉంటుందా?” అని అడగండి. ఉంటుందంటే మరొక బస చూసుకోండి. పదిమంది అలా అడిగితే యజమాని తానే మారతాడు. మీరు వేయించుకొన్న పాట మీ నెగడు చుట్టూ కూర్చున్నవారికి వినపడితే చాలు. మోత మితిమీరితే 112కు ఫోను చేయవచ్చు. పరిమితిని 10 డెసిబెళ్ళకు పైగా మించినా, రాత్రి నిషేధాన్ని ఉల్లంఘించినా అధికారికి ఫిర్యాదు చేసే హక్కు నియమాలే ఇచ్చాయి.

పసిపిల్లలను, గర్భిణులను, వృద్ధులను పెట్టెల సమీపానికి తీసుకువెళ్ళవద్దు. నిద్ర చెడిన మరునాడు, పోయిన నిద్రలో సగం కాలం ఉదయం ఆహారానికి ముందే నిద్రించమని వాగ్భటాచార్యులు సూచించారు. భోజనం చేసి పగలంతా పడుకోవటం కన్న ఇది మేలు. రాత్రి పడుకొనే ముందు అరికాళ్ళకు, తలకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన వాతాన్ని శమింపజేస్తుంది. గోరువెచ్చని పాలలో చిటికెడు జాజికాయ పొడి పెద్దలు తీసుకోవచ్చు. గర్భిణులకు, పసిపిల్లలకు వద్దు. చెవిలో నూనె మాత్రం మీ అంతట మీరు వేసుకోవద్దు. చెవి కారుతున్నా, కర్ణభేరికి రంధ్రమున్నా హాని జరుగుతుంది. వైద్యుడు చెవి పరీక్షించిన తరువాతనే కర్ణపూరణం. హోరు రెండు రోజులకు మించి నిలిచినా, నొప్పి ఉన్నా చెవి వైద్యుని చూడండి. వినికిడి ఒక్కసారిగా తగ్గితే మాత్రం ఏ చిట్కాతోను కాలహరణం చేయక ఆ రోజే వెళ్ళండి. చికిత్స ఆలస్యమైన కొద్దీ పోయిన వినికిడి తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుంది.

ఇవన్నీ మన ఇంటికి సంబంధించిన జాగ్రత్తలు. తెల్లవారకముందే లేచి కాఫీ తోటకో, రాజ్మా చేనుకో పోవలసిన గిరిజన స్త్రీకి అర్ధరాత్రి మోత మాన్పే తైలం ఏ వైద్యుని వద్దా లేదు. ఆమెకు కావలసిన మందు ఒక అనుమతి పత్రం మీద రాసి ఉండవలసిన గంట, ఆ గంట కొట్టగానే ఆగే యంత్రం. ఆ గంట నిర్ణయించేటప్పుడు ఆమె మాట కూడా వినటం కనీస ధర్మం.